లేని రాళ్లకు చేసిన వైద్యం

ముందే చెబుతున్నాను, ఇది నా పరువు పోయిన కథ. కొద్దికొద్దిగా కాదు, మూటగట్టి ఒకేసారి పోయింది. పోవడానికి కారణం నా ఒంటిమీది జానెడు కూడా లేని తోలు, దాన్ని దాచడానికి నేను పుట్టించిన రాళ్లు. అన్నం తింటూ చదివేవాళ్లు చెయ్యి కడుక్కుని రండి. మగవాళ్లు తలుపు దగ్గరేసుకుని చదివినా నేనేమీ అనుకోను. ఆ సిగ్గు ఎలాంటిదో నాకంటే బాగా తెలిసినవాడు బాన్సువాడలో ఇంకొకడు లేడని అప్పట్లో నా నమ్మకం.

నాకప్పుడు ముప్పై మూడేళ్లు. బాన్సువాడలో ఎరువులు, పురుగుమందుల దుకాణం నడిపేవాణ్ని, ఇప్పటికీ నడుపుతున్నాను. బీర్కూర్ నుంచి, కోటగిరి నుంచి రైతులు వరి మొక్కను వేళ్లతో సహా పీక్కుని సంచిలో పెట్టుకుని వస్తారు. నేను ఆకు చూసి తెగులు పేరు చెబుతాను, మందు ఇస్తాను, వాటితోపాటు తిట్లు ఉచితంగా ఇస్తాను. "అగ్గితెగులు గింత ముదిరేదాక ఏం జేస్తున్నవే? మచ్చ కనవడ్డ దినమే రావద్దా?" అని. ఆలస్యంగా వచ్చే రైతంటే నాకు మహా మంట. అలా తిడుతున్న రోజుల్లోనే నా సొంత తెగులు ఏడాదిన్నరగా ముదురుతోంది. దాన్ని మాత్రం ఎవరికీ చూపించలేదు.

సంగతి దాచకుండా చెప్పేస్తాను. మగవాడి అంగానికి ముందుండే తోలు వెనక్కి జరగాలి కదా, నాది జరగడం మానేసింది. మొదట్లో కాస్త బిగుతుగా ఉండేది. తర్వాత అంచు పగిలి మండటం మొదలైంది. పగలడం, మానడం, మళ్లీ పగలడం. అలా అలా చివరికి సంచి మూతికి తాడు లాగి ముడేసినట్టు బిగుసుకుపోయింది. మూత్రానికి వెళితే ముందు లోపల బుడగలా ఉబ్బేది, తర్వాత బయటికి దారంలా వచ్చేది. అదైనా నేను చూసిన దిక్కుకు వస్తుందా అంటే, దానికి నచ్చిన దిక్కుకు వెళ్లేది. బస్టాండు మూత్రశాలలో నా పక్కకు వచ్చి నిలబడినవాళ్లు ముగ్గురు మారిపోయేవాళ్లు, నాలుగోవాడు అనుమానంగా చూసేవాడు, నేను మాత్రం గోడమీది ప్రకటనలు మొదటినుంచి మళ్లీ చదువుతూ నిలబడేవాణ్ని.

ఇంట్లో కూడా అంతే. నా భార్య లావణ్య బయట నిలబడి తలుపు కొట్టేది.

"ఏందయ్యా, లోపల్నే పండుకున్నవా?"

"వస్తున్న తీ. జర వేడి చేసింది."

"ఏడాది సంది వేడేనా? అందరికి ఎండకాలం అయిపోయింది, నీ ఒక్కనికే అయితలేదా?"

"అయితది."

"దవాఖానకు పోదాం నడువు."

"గింతదానికి దవాఖాన ఏంది!"

నేను మొండివాణ్ని. చెప్పనని ఒకసారి నిర్ణయించుకున్నానంటే ప్రాణం మీదికొచ్చినా చెప్పను. ఇదేదో గొప్ప గుణమని అప్పట్లో అనుకునేవాణ్ని కూడా.

ఇక మా బావ గంగారాం సంగతి. మా అక్క మొగుడు, నలభై ఎనిమిదేళ్లు, ఊరు బీర్కూర్. మంజీరా రేవు నుంచి ట్రాక్టర్లతో ఇసుక తోలిస్తాడు. చుట్టుపక్కల ఎవరు ఇల్లు మొదలుపెట్టినా ముందు ఆయన్నే అడుగుతారు. ఇసుకను గుప్పెట్లో నలిపి, అందులో మట్టి ఎంత, గులక ఎంత, ఏ పాయలో తవ్వారు అన్నీ చెప్పేస్తాడు. ఒకరోజు ఆయన దుకాణానికి వచ్చేసరికి నేను వెనకవైపు నుంచి చెమటలు తుడుచుకుంటూ వస్తున్నాను.

"ఏంది బామ్మర్ది, మొఖం గట్లయింది?"

"ఏం లేదు బావ."

"ఒంటికి పోతే మంట అయితుందా?"

నేను ఎరువుల బస్తాలు సర్దడం మొదలుపెట్టాను.

"సన్నగ వస్తుందా? ఆగి ఆగి వస్తుందా?"

"ఆ... గట్లనే."

బావ తొడ చరిచాడు. "రాళ్లు! కిడ్నీల రాళ్లు పడ్డయి. పన్నెండేండ్ల కింద నాకు గిట్లనే అయితుండె."

ఆ మాట వినగానే నాకు ఎంత హాయనిపించిందో చెప్పలేను. ఇన్నాళ్లూ ఈ ఉపాయం ఎందుకు తట్టలేదా అని నన్ను నేనే తిట్టుకున్నాను. రాళ్లంటే ఎంత గౌరవమైన జబ్బు! పంతుళ్లకు వస్తుంది, సర్పంచులకు వస్తుంది. పదిమంది మధ్య నడుం పట్టుకుని చెప్పుకోవచ్చు. ఎవరూ "ఏదీ, ఎక్కడ, చూపించు" అనరు.

"అవ్ బావ," అన్నాను గంభీరంగా. "రాళ్లే."

ఆ ముక్కతో నా పతనం మొదలైంది. మా దగ్గర రాళ్ల జబ్బుకు ఒక ప్రత్యేకత ఉంది. అది ఒకడికి వస్తే మందు వందమందికి తెలిసి ఉంటుంది. సాయంత్రానికల్లా నా కబురు బజారంతా పాకింది. పొద్దున్నే బావ కొండపిండి ఆకు రసం చెంబునిండా తెచ్చేవాడు. తొమ్మిదింటికి మా అక్క పంపిన ఉలవలు ఉడికించిన నీళ్లు. తర్వాత పక్క దుకాణం వాళ్ల బార్లీ. మధ్యాహ్నం ఎవరో రైతు అరటి దవ్వ దంచి తీసిన రసం. సాయంత్రం ఈత కల్లు, అదీ మందు కింద కాబట్టి లావణ్య కూడా ఏమీ అనలేకపోయేది. మా నాన్న బతికున్న రోజుల్లో ఒక్క సీసా కల్లుకు నన్ను వీధి చివరిదాకా తరిమాడు, ఇప్పుడేమో ఊరంతా కూర్చోబెట్టి పోస్తోంది.

"తాగు. ఒక్క సుక్క ఇడిసిపెట్టద్దు," అని ఎదురుగా కూర్చునేవాడు బావ.

"కడుపు నిండింది బావ."

"నిండాలె. నిండితేనే రాయి కొట్టుకపోతది."

పాఠకులకు ఇక్కడ లెక్క అర్థమయ్యే ఉంటుంది. రాళ్లు ఉన్నవాడికి నీళ్లు మేలు చేస్తాయేమో. నాకున్నది బయటికి పోయే దారే మూసుకుపోయిన జబ్బు. కింద తూము బిగించి, పైన నిజాంసాగర్ గేట్లు ఎత్తితే ఏమవుతుంది? నాకూ అదే అయింది.

ఒకరోజు బావ పట్టుదల మీద రెండు చెంబుల రసం తాగించి వెళ్లాడు. ఉలవల నీళ్లు కూడా అయ్యాయి. పది గంటలకు వెళ్లాను, రాలేదు. పదిన్నరకు వెళ్లాను, రెండు చుక్కలు. పదకొండుకు ఆ రెండూ లేవు. పొత్తికడుపు రాయిలా గట్టిపడింది. గల్లా పక్కన వంగి నిలబడ్డాను. సరిగ్గా అప్పుడే ఓ రైతు సంచితో వచ్చాడు.

"అన్నా, గీ ఆకు జర సూడు."

"ఆడ వెట్టు."

"మచ్చ పొద్దుగాలనే కనవడ్డదన్నా. నువ్వు తిడ్తవని దినం గూడ ఆగలే, ఎంటనే వచ్చిన."

ఆ మనిషిని చూసి నాకు ఏడుపొచ్చింది. నిజంగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. అక్కణ్నుంచి మాత్రం తేలిగ్గానే వచ్చాయి.

అన్నం డబ్బా తెచ్చిన లావణ్య నన్ను చూసి డబ్బా కింద పెట్టేసింది. "లే. దవాఖానకు," అంది.

"బాన్సువాడల వద్దు. అందరు తెలిసినోళ్లే. నిజామాబాద్ పోదాం."

"పానం పోతుంటే నిజామాబాద్ ఏంది?"

"బావకు చెప్పకు. నిజామాబాదే."

నొప్పితో గిలగిల్లాడుతూ కూడా నేను వంచిన తల ఎత్తకుండా అదే మాట మీద నిలబడ్డాను. లావణ్యే కిరాయి కారు మాట్లాడింది. ఇక ఆ ప్రయాణం! బాన్సువాడ నుంచి నిజామాబాద్ దాకా రోడ్డుమీద స్పీడ్ బ్రేకర్లు ఎన్నున్నాయో నన్నడగండి, ఒక్కొక్కటి పొత్తికడుపుతో ముట్టుకుని వచ్చాను. వర్ని దగ్గర డ్రైవర్ జాలిపడి కారు ఆపాడు.

"ఏమైందన్నా?"

"రాళ్లు," అన్నాను పళ్లబిగువున.

"గింతేనా!" అని దిగిపోయి, రెండు కొబ్బరి బొండాలు కొట్టించుకుని వచ్చాడు. "తాగన్నా, ఎంటనే సల్లవడ్తది." లావణ్య అతని చేతిలోంచి ఆ రెండూ లాక్కుని తానే తాగేసింది. ఆమె నాకు చేసిన ఉపకారాల్లో అది మొదటి వరుసలో ఉంటుంది.

డాక్టరుగారు పెద్దమనిషి, నెమ్మదిగా మాట్లాడతారు.

"ఏమిటి ఇబ్బంది?"

"రాళ్లు సార్."

"రాళ్లని ఎవరు చెప్పారు?"

"మా బావ."

"ఆయన డాక్టరా?"

"ఇసుక ట్రాక్టర్లు సార్."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఎన్నాళ్ల నుంచి?"

"పొద్దటి నుంచే సార్."

"ఏడాదిన్నర సంది సార్," అంది లావణ్య.

పరీక్ష చేయడానికి ఆయనకు అర నిమిషం కూడా పట్టలేదు. ఏడాదిన్నర నేను బాన్సువాడ జనం నుంచి, కట్టుకున్న భార్య నుంచి కాపాడుకొచ్చిన రహస్యం అర నిమిషంలో అయిపోయింది. "ముందరి తోలు పూర్తిగా మూసుకుపోయింది," అన్నారు. "ఫైమోసిస్ అంటారు. మూత్రం రావడానికి దారే లేదు. దీనికి తోడు నీళ్లు కూడా బాగా తాగినట్టున్నావే?"

మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, తోలుకు చిన్న గాటు పెట్టి దారి చేశారు. ఆ తర్వాత వచ్చిన సుఖం గురించి రాయాలంటే నాకు మాటలు చాలవు. మనిషికి ఇంత ఆనందం ఉచితంగా రోజుకు ఐదారుసార్లు దొరుకుతుందని, నేనే దాన్ని ఏడాదిన్నరగా పోగొట్టుకున్నానని అప్పుడు తెలిసింది.

స్కానింగ్ అయ్యాక డాక్టరుగారి ముఖంలో నవ్వు లేదు. "రాళ్లేం లేవు. కానీ ఇన్నాళ్లు ముక్కీ ముక్కీ మూత్రసంచి గోడ మందం అయింది. లోపల మూత్రం నిలిచిపోయి ఇన్ఫెక్షన్ పట్టింది. ఇంకా ఆగి ఉంటే కిడ్నీల మీద పడేది. మొదట్లోనే వచ్చి ఉంటే పూత మందుతో పోయేదేమో. ఇప్పుడు ఇన్ఫెక్షన్ తగ్గాక ఆ తోలు తీసేయాలి. చిన్న ఆపరేషనే." తెగులు ముదిరాక తెచ్చినవాణ్ని ఏమని తిట్టాలో నాకు తెలుసు, ఆయన అందులో సగం కూడా తిట్టలేదు.

బయటికి వచ్చాక లావణ్య నన్ను బెంచీ మీద కూర్చోబెట్టింది. తర్వాత అడిగింది. "నాకు చెప్తే ఏమైతుండె?"

"నవ్వుతవనుకున్న."

"నవ్వుతుంటి. ఇప్పుడు గూడ నవ్వుతున్న సూడు. కని నవ్వుకుంటనే దవాఖానకు తోల్కపోతుంటి గద!"

ఆమె నవ్వడం లేదు. కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది. నా జీవితంలో అంత సిగ్గుపడ్డ క్షణం ఇంకొకటి లేదు, అది తోలు గురించి కూడా కాదు.

ఇంత జరిగాక బుద్ధి రావాలి కదా. వస్తే ఈ కథ ఇక్కడే ఆగేది. బావ ఫోన్ చేశాడు.

"ఏమన్నరు బామ్మర్ది?"

"ఆపరేషన్ జెయ్యాల్నట బావ."

"రాళ్లేనా?"

లావణ్య నా వంకే చూస్తోంది. "రాళ్లే," అన్నాను. ఆమె నెత్తి కొట్టుకుంది.

ఆపరేషన్ అయింది. ఇంటికి వచ్చాను. లుంగీని ముందు రెండు వేళ్లతో ఎత్తిపట్టుకుని, కాళ్లు ఎడంగా వేస్తూ నడుస్తున్నాను. మూడోరోజు బావ బత్తాయిల సంచితో వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"కోత ఏడ వెట్టిండ్రు?"

"కోత లేదు బావ. కిందికెల్లి మిషన్ తోని తీసిండ్రు."

"మరి లుంగీ గట్ల పట్టుకున్నవేంది?"

"గాలికి."

"రాళ్లేవి?"

చచ్చాను. ఆ సంగతే మరిచిపోయాను. మా దగ్గర రాళ్లు తీయించుకున్న ప్రతివాడూ వాటిని చిన్న సీసాలో వేయించుకుని ఇంటికి తెస్తాడు. వచ్చినవాళ్లందరికీ చూపిస్తాడు. కొందరి ఇళ్లలో అవి పిల్లల బహుమతుల పక్కన అద్దాల అలమారలో ఉంటాయి.

"రాళ్లియ్యలేదా?" బావ లేచి నిలబడ్డాడు. "మన రాళ్లు మనకియ్యకపోవుడేంది! నడువు, నేనే అడుగుత. డాక్టర్ ఫోన్ నంబరియ్యి."

"ఉన్నయ్ బావ! ఉన్నయ్! ఏడనో పెట్టిన. రేపు సూపిస్త."

మర్నాడు పొద్దున్నే లుంగీ ఎత్తిపట్టుకుని బయటికి వెళ్లాను. ఎదురింటివాళ్లు పైన గదులు వేస్తున్నారు, వాకిట్లో ఇసుక కుప్ప. వంగలేను, కాబట్టి మోకాళ్ల మీద కూలబడి వెతికాను. మరీ పెద్దదైతే నమ్మరు, మరీ చిన్నదైతే ఆపరేషన్ ఎందుకంటారు. అరగంట ఏరి, చూడగానే జాలి కలిగేలా గరుకుగా ఉన్న మూడింటిని తీసుకున్నాను. డెటాల్‌తో కడిగి, ఖాళీ మందు సీసాలో వేసి మూత పెట్టాను. లావణ్య గుమ్మంలో నిలబడి అంతా చూసింది.

"ముప్పై మూడేండ్లొచ్చినయి. ఇసుకల ఆడుకుంటున్నవ్," అని లోపలికి వెళ్లిపోయింది.

బావ వచ్చాడు. సీసా ఇచ్చాను. ముందు వెలుతురుకు పెట్టి చూశాడు. తర్వాత మూత తీసి అరచేతిలో పోసుకున్నాడు. బొటనవేలితో రుద్దాడు. ఆయన ముఖంలో ఏదో మారింది. ఒకటి తీసి నోట్లో వేసుకుని కటుక్కున కొరికాడు.

"బావా! అది నా కిడ్నీలకెల్లి వచ్చింది!"

"రాలే." ఆయన ప్రశాంతంగా బయటికి ఉమ్మాడు. "కిడ్నీలకెల్లి వస్తే నేను నోట్లె ఏస్కుంటనా? గిది మంజీరది. మా రేవుదే. ఎదురింటోళ్లకు పోయినారం నేనే తోలిచ్చిన."

ప్రపంచంలో ఇంతమంది బావలుండగా, ఇసుక రాయిని కొరికి ఊరు చెప్పేవాడే నాకు దొరకాలా? ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. తల దించుకుని మొత్తం చెప్పేశాను. తోలు, మంట, బుడగ, గాటు, ఆపరేషన్, లుంగీ. ఇక నవ్వుతాడు, బీర్కూర్ దాకా నవ్వుకుంటూ వెళతాడు, రేపటికి రేవులో కూలీలకు కూడా తెలుస్తుంది అనుకుంటూ కూర్చున్నాను.

బావ నవ్వలేదు. లేచి వెళ్లి తలుపు గడియ పెట్టి వచ్చాడు. గొంతు బాగా తగ్గించాడు.

"పన్నెండేండ్ల కింద మీ అక్కకు సూపిచ్చిన రాళ్లు నేనేడికెల్లి తెచ్చిననుకుంటున్నవ్?"

నాకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. "అంటే... నీకు గూడ?"

"ఇప్పటికి గూడ."

"మరి గా కొండపిండి రసం నాకెందుకు పట్టిచ్చినవ్ బావ! నా పానం పోతుండె గద!"

"నాకైతే పనిచేస్తలేదు," అన్నాడు దీనంగా. "నీకన్న చేస్తదేమోనని."

కొట్టాలనిపించింది. వంగలేకపోవడం వల్ల ఊరుకున్నాను. కానీ తలవంచుకుని అరచేతిలో ఆ రెండు రాళ్లను అటూ ఇటూ కదుపుతున్న ఆయన్ను చూస్తే కోపం నిలవలేదు. పన్నెండేళ్లు! నేను ఏడాదిన్నరకే మూత్రసంచి పాడుచేసుకున్నాను.

"రేపు పొద్దుగాల నిజామాబాద్ పోదాం," అన్నాను.

"రేపు లోడ్లున్నయి."

"ఎల్లుండి."

"మంగళారం మంచిగుండది."

"బుధారం."

"నలభై ఎనిమిదేండ్లకు ఇప్పుడు పోయి ఏం సూపెట్టాలె బామ్మర్ది? మీ అక్కకు ఏమని చెప్పాలె?"

"నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా?"

నా మొండితనం జీవితంలో మొదటిసారి ఒక పనికొచ్చింది. బుధవారం పొద్దున ఏడింటికి వాళ్లింటి ముందు కారు పెట్టించి, ఆయన బయటికి వచ్చేదాకా హారన్ కొట్టించాను. అక్క కారణం అడిగింది. బావ నా వైపు చూశాడు, నేను ఆయన వైపు చూశాను, చివరికి ఆయనే చెప్పాడు. అక్క చెంబు కింద పెట్టి, "పన్నెండేండ్లు ఉలవలు ఉడకవెట్టి సచ్చిన గదరా!" అని ఒకే ఒక్క మాట అంది. తిట్టు నాకో ఆయనకో ఇప్పటికీ తెలియదు.

ఆసుపత్రిలో చీటీ రాసే అమ్మాయి ముందు పెద్ద వరుస. మా వంతు వచ్చింది.

"పేషెంట్ ప్రాబ్లమ్ ఏంటండీ?"

బావ గొంతు సవరించుకున్నాడు. నడుం మీద చెయ్యి వేసుకున్నాడు. "ఏం లేదు మేడం, కిడ్నీల జర రా..."

నేను ఆయన్ను పక్కకు జరిపాను. హాలు చివరిదాకా వినబడాలనే నిశ్చయించుకుని, దుకాణంలో రైతులను తిట్టే గొంతుతో చెప్పాను. "ముందరి తోలు బిగుసుకపోయింది మేడం. మూత్రం సక్కగ వస్తలేదు. పన్నెండేండ్ల సంది. రాళ్లు గీళ్లు ఏం లెవ్వు. రాళ్లని రాయకుండ్రి."

హాల్లో తలలన్నీ మా వైపు తిరిగాయి. బావ తన చెప్పులకేసి చూస్తూ నిలబడ్డాడు. ఆ అమ్మాయి తల కూడా ఎత్తలేదు. "పేరు చెప్పండి, వయసు చెప్పండి," అంది. మేం ఇద్దరం కలిపి పదమూడున్నరేళ్లు భయపడిన మాటకు దొరికిన సమాధానం అంతే.

బావకు షుగర్ ఉందని ఆరోజే తేలింది. ఎప్పటి నుంచి ఉందో ఎవరికీ తెలియదు. షుగర్ ఉంటే ఆ తోలు పదేపదే పగిలి అలాగే బిగుస్తుందట. "ఇప్పటికైనా వచ్చారు, కిడ్నీలు ఇంకా బాగానే ఉన్నాయి," అని డాక్టరుగారు అన్నప్పుడు బావ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. బయటికి వచ్చేదాకా వదల్లేదు.

మందుల చీటీ తీసుకుని వెళుతుంటే ఆ అమ్మాయి నన్ను పిలిచింది.

"అన్నా, ఇంకోసారి వచ్చినప్పుడు జర మెల్లగ చెప్పండి."

"ఎందుకు మేడం, ఎవరన్న ఏమన్న అన్నరా?"

"ఏం అనలే. మీరు లోపలికి పోయినంక రాళ్లని రాయించుకున్నోళ్లు నలుగురు వచ్చి చీటీలు మార్పిచ్చుకున్నరు. నాకు మళ్ల రాసుడే అయింది."

కాబట్టి, ఈ జిల్లాలోని మగవాళ్లందరి తరఫున, ముఖ్యంగా ఆ నలుగురి తరఫున, ఏ పాపమూ ఎరగని నా రెండు కిడ్నీలకు బహిరంగంగా క్షమాపణ చెప్పుకుంటున్నాను. ఇకముందు ఒంట్లో ఏ భాగం చెడితే ఆ భాగం పేరే చెబుతానని, దాని నేరాన్ని పక్కనున్న మర్యాదస్తుల మీదికి ఎన్నటికీ నెట్టనని కుడిచెయ్యి ఎత్తి ప్రమాణం చేస్తున్నాను.